"ఎంత రాయమంటవ్ తమ్మీ?": శాసనసభ్యులకు ఒక మీసేవ నిర్వాహకుడి బహిరంగ లేఖ

తెలంగాణ శాసనసభ, శాసనమండలి గౌరవ సభ్యులందరికీ,

నమస్కారం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను, అంటే పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వం కట్టే పథకాన్ని, చట్టం చేయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను ఒక మండల కేంద్రంలో, బస్టాండు పక్క సందులో మీసేవ నడుపుకుంటున్నాను. పదేళ్లు దాటింది. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి దసరా దాకా నా కౌంటర్ ముందు నిలబడేవాళ్లలో సగం మందిది ఒకటే పని. ముందు ఆదాయం సర్టిఫికెట్, అది చేతికొచ్చాక ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైటు అయిన ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు.

ఆదాయం కాలమ్ దగ్గరికి రాగానే నేను అడుగుతాను, "ఏడాదికి ఎంతొస్తది పెద్దయ్యా?" అని. ఆయన తిరిగి నన్నే అడుగుతాడు. "ఎంత రాయమంటవ్ తమ్మీ?"

ఆయన మోసగాడేం కాదు. ఏడాదికి ఎంతొస్తుందో ఆయనకు నిజంగానే తెలియదు. పత్తి అమ్మిన పైసలు ఎరువుల దుకాణం బాకీకి పోయాయి, కూలికి పోయిన రోజులు లెక్క పెట్టుకోలేదు, బర్రె పాలు ఇంట్లోకి కొన్ని, కేంద్రానికి కొన్ని. కానీ గీత ఎక్కడుందో మాత్రం పక్కాగా తెలుసు. "లచ్చన్నర దాటొద్దంట గద" అంటాడు. నేను అరవై వేలో, డెబ్బై అయిదు వేలో కొడతాను. ఆయన కింద వేలిముద్ర వేస్తాడు, నేను అప్‌లోడ్ చేస్తాను, ఆఫీసులో ఎవరో ఆమోదిస్తారు. అబద్ధమని ముగ్గురికీ తెలుసు. నేను ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ అంకె కొట్టే వేలు నాదే.

మీలో చాలామందికి నిబంధన తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెబుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఊళ్లో ఉండే బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలు), మైనారిటీ కుటుంబానికి ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు. పట్నంలో ఉంటే రెండు లక్షలు. లక్షన్నర అంటే నెలకు పన్నెండున్నర వేలు. ఇంట్లో ఎంతమంది పనిచేసినా అందరిదీ కలిపి అంతే.

మా పక్క ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ సంగతి చెబుతాను. గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. ఏడాదికి 1,63,800. బీసీ కుటుంబం, ఊళ్లోనే ఉంటారు, భర్త ఏ రోజు దొరికితే ఆ రోజు పనికి పోతాడు. ఆయన సంపాదన సున్నా అనుకున్నా ఆమె ఒక్కతే గీత దాటింది. సరదాకు ఇంకో లెక్క వేసి చూశాను. ఏడాదిలో ఒక నెల వేతనం ఆమె తీసుకోకుండా ప్రభుత్వానికే వదిలేస్తే పదకొండు నెలలకు 1,50,150 అవుతుంది. అప్పటికీ నూట యాభై రూపాయలు ఎక్కువే! ప్రభుత్వమే ఇచ్చే వేతనం, ప్రభుత్వమే పెట్టిన గీత. ఈ రెండు అంకెల్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు లేదు.

అదే వీధిలో గుత్త పనులు పట్టే మేస్త్రీ ఉన్నాడు. కష్టజీవి, మంచివాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. సీజన్లో ఆమెకంటే రెండింతలు సంపాదిస్తాడు. ఆయన కొడుక్కి స్కాలర్‌షిప్ వస్తుంది. చేతిలో పడే కూలికి రసీదు ఉండదు, బ్యాంకులో పడే గౌరవ వేతనానికి ఉంటుంది. ఆమె నా కౌంటర్ దగ్గర "ఎంత రాయమంటవ్" అని అడగలేదు. "ఉన్నది రాయి తమ్ముడూ, రేపెవరన్న ఫిర్యాదు చేస్తే నా ఉద్యోగం పోతది" అంది. ఉన్నది రాశాను. కూతురు డిగ్రీలో చేరింది, ఫీజు మాత్రం చీటీ పాడి కట్టారు. మీ గీత పేదవాళ్లను ఏరడం లేదు. రసీదు లేనివాళ్లను ఏరుతోంది.

ఇదే కౌంటర్లో, ఇదే ప్రింటర్ మీద రిజర్వేషన్ లేని కులాల పేదల కోటాకు కావాల్సిన ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు కూడా నేను ఇస్తాను. దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు. బీసీల్లో కలిగినవాళ్లను రిజర్వేషన్ నుంచి పక్కన పెట్టే క్రీమీలేయర్ గీత కూడా 2017 నుంచి 8 లక్షలే. రిజర్వేషన్ గీత వేరు, ఖజానాలోంచి డబ్బు తీసే గీత వేరు అని మీరంటే ఒప్పుకుంటాను. మరి విదేశాల్లో పీజీ చదివే పిల్లలకు మన రాష్ట్రమే 20 లక్షల దాకా ఇచ్చే విద్యానిధి సంగతేంటి? అదీ ఖజానా డబ్బే. దానికి ఆదాయ పరిమితి 5 లక్షలు. అమెరికా పోయే పిల్లవాడి తండ్రి నాలుగున్నర లక్షలు సంపాదిస్తే పేదవాడు, జిల్లా కేంద్రంలో బీఎస్సీ చదివే పిల్ల తల్లి లక్షా అరవై వేలు సంపాదిస్తే కలిగినావిడ. ఈ మాట అడిగిన ఒక తండ్రికి నా దగ్గర సమాధానం లేకపోయింది. మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఇక ఎంత ఇస్తారన్న సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో పూర్తి ఫీజు పథకం మొదలైనప్పుడు ఇంజినీరింగ్ కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే సీట్లు) ఫీజు ముప్పై వేల ప్రాంతంలో ఉండేది. 2012లో నియమం మార్చారు. ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ పిల్లలకే పూర్తి ఫీజు, ఆపైన ర్యాంకు వచ్చినవాళ్లకు 35 వేలు. సర్కారు కాలేజీల్లో, గురుకులాల్లో చదివి వచ్చినవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ర్యాంకుతో పనిలేకుండా పూర్తిగా ఇవ్వడం ఇందులో మంచి విషయం, దాన్ని తక్కువ చేయను. కానీ 35 వేలు అనే అంకె అప్పటి నుంచి అక్కడే కూర్చుంది. రాష్ట్రం రెండైంది, ముఖ్యమంత్రులు మారారు, ఎంసెట్ పేరు కూడా ఈఏపీసెట్ అయింది, 35 వేలు మాత్రం మారలేదు. 2022లో ఖరారు చేసిన ఫీజుల్లో అతి తక్కువ ఫీజే 45 వేలు, పేరున్న కాలేజీల్లో లక్ష దాటింది. అంటే రాష్ట్రంలో అన్నిటికంటే చౌక కాలేజీలో చేరినా, ఆ పిల్లవాడు ఏటా పదివేలు జేబులోంచి పెట్టాలి. మంచి కాలేజీ అయితే అరవై, డెబ్బై వేలు. ఆదాయం లక్షన్నర లోపే ఉందని మీరే ధ్రువీకరించిన ఇంట్లోంచి!

ఇదంతా చట్టమని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. "ప్రభుత్వ రూల్ సార్" అంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఇది చట్టం కాదు, జీవోల కుప్ప, అంటే సభ ఓటు లేకుండా ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వులు. కాలేజీ ఎంత వసూలు చేసుకోవచ్చో చెప్పే ఫీజుల కమిటీకి వెనక 1983 నాటి చట్టం ఉంది, క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం. ఆ ఫీజును పేద పిల్లవాడి తరఫున ఎవరు కడతారు, ఎంత కడతారు, ఎప్పుడు కడతారు అన్నదానికి మాత్రం చట్టం లేదు. వసూలుకు చట్టం, చెల్లింపుకు జీవో.

జీవో అంటే ఏమిటో 2014లో చూశాం. రాష్ట్రం వచ్చిన రెండు నెలలకే ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ఫాస్ట్ అని కొత్త పథకం తెచ్చారు. 1956 నవంబర్ 1కి ముందు నుంచి ఇక్కడ ఉన్న కుటుంబాలకే అన్నారు. తాత కాలం నాటి కాగితాల కోసం జనం బీరువాలు, ట్రంకు పెట్టెలు తిరగేశారు. పాత పహాణీ (భూమి రికార్డు) కావాలని, తాత చదివిన బడి రికార్డు దొరుకుతుందా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వ్యవహారం హైకోర్టుకు పోయింది, కొన్ని నెలలకే ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఒక సంతకంతో వచ్చింది, ఇంకో సంతకంతో పోయింది. మధ్యలో ఆ పిల్లల ఏడాది నలిగింది. సభలో ఓటు పడలేదు కాబట్టి దానికి జవాబు చెప్పాల్సినవాళ్లూ లేరు.

పక్క రాష్ట్రంలోనూ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆదాయ పరిమితిని పల్లె, పట్నం తేడా లేకుండా రెండున్నర లక్షలు చేశారు. మంచి పని. మరుసటి ఏడాదే, 2020 డిసెంబర్లో, జీవో 77తో ప్రైవేట్ కాలేజీల్లో పీజీ చేసేవాళ్లను పథకంలోంచి తీసేశారు. డబ్బు తల్లుల ఖాతాలో వేస్తామన్నారు, ప్రభుత్వం మారాక కాలేజీల ఖాతాలోకే అన్నారు. ఏది సరైనదో నేను చెప్పబోవడం లేదు. చేరేనాటికి ఉన్న మాట చదువు అయిపోయేదాకా ఉంటుందన్న భరోసా జీవోలో లేదని మాత్రం చెబుతున్నాను.

గడువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా కౌంటర్ దగ్గర ఏడుపు ఎక్కువగా దీని మీదే. దరఖాస్తు ఆమోదం అయినట్టు ఈపాస్‌లో కనిపిస్తుంది, మొత్తం మంజూరైనట్టు కనిపిస్తుంది, ట్రెజరీలో టోకెన్ పడిందంటారు, అంటే బిల్లు చెల్లింపు వరుసలో చేరిందని. ఆ టోకెన్ ఎప్పుడు డబ్బవుతుందో ఎవరికీ తెలియదు. బకాయిలు వేల కోట్లకు చేరాయి. 2025 నవంబర్ మొదటి వారంలో ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టింది ఇందుకే. కాలేజీల వాళ్ల బాధ అబద్ధం కాదు, లెక్చరర్లకు నెలల తరబడి జీతాలివ్వని కాలేజీలు నాకు తెలుసు. కానీ చివరికి మెడ పట్టుకునేది పిల్లల్నే. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. పెట్టుకుంటూనే ఉన్నారు.

మా మండలంలో ఒక అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. చేరాలంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించాలి. కాలేజీకి పోతే, "సర్కారు నుంచి నీ పేరు మీద రావాల్సింది రాలేదు, అది కట్టి తీసుకుపో, వాళ్లు ఇచ్చినప్పుడు తిరిగిస్తాం" అన్నారు. తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. అమ్మాయి ఉద్యోగంలో చేరింది. మొదటి ఏడాది జీతంలో ఎంత వడ్డీకి పోయిందో నన్ను అడగొద్దు. తర్వాత సర్కారు డబ్బు కాలేజీ ఖాతాలో పడింది. అది తిరిగి తెచ్చుకోవడానికి ఆ తండ్రి ఎన్నిసార్లు బస్సెక్కాడో నాకు తెలుసు, ప్రతిసారీ స్టేటస్ కాగితం ప్రింట్ తీసి ఇచ్చింది నేనే.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను చట్టం చేయండి. మన దగ్గర ఇది కొత్త కాదు. బడ్జెట్లో ఎస్సీ, ఎస్టీల జనాభా వాటా నిధులు వాళ్లకే ఖర్చు చేయాలన్న ఉప ప్రణాళిక కూడా ఏళ్ల తరబడి కాగితం మీదే నడిచింది, 2013లో చట్టమైంది, 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చుకుంది. 2025 మార్చిలో మీరు చదువుల్లో, ఉద్యోగాల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లు ఆమోదించారు, ఎస్సీ వర్గీకరణ చట్టం చేశారు. సీటు ఎవరికి అన్నదాని మీద సభలో చర్చ జరిగింది. సీటు వచ్చినవాడు ఫీజు ఎట్లా కడతాడన్న దాని మీద కూడా ఒక పూట కూర్చోండి.

ఆ చట్టంలో ఏముండాలి? నేను న్యాయవాదిని కాను, ఫారాలు నింపేవాణ్ణి. అందుకే ఫారం వైపు నుంచి చెబుతాను.

మొదటిది, గీత ఒక్కటే పెట్టండి, పల్లె పట్నం తేడా వద్దు. మా మండల కేంద్రంలో పప్పు కిలో హైదరాబాద్ కంటే చౌకేం కాదు, పైగా కాలేజీ పట్నంలోనే ఉంటుంది, హాస్టలో రూమో పల్లె పిల్లలకే అదనపు ఖర్చు. ఆ గీతను ధరల సూచీకి కట్టేయండి, ఏటా దానంతట అదే కదలాలి. ఉద్యోగుల కరువు భత్యం (డీఏ) కూడా ధరల సూచీని బట్టే లెక్క కడతారు. కోపం తెచ్చుకోకపోతే ఒక మాట: మీ జీతభత్యాలకు చట్టం ఉంది, 2016లో దాన్ని సవరించుకుని నెలకు రెండున్నర లక్షలు చేసుకున్నారు. మీకు వద్దని నేననను. కానీ మీ ఒక్క నెల మొత్తం, ఊళ్లో ఒక కుటుంబం ఏడాదంతా కలిపి దాటకూడదని మీరు పెట్టిన గీతకంటే లక్ష ఎక్కువ.

ఆ గీత కత్తిలా కూడా ఉండకూడదు. ఇప్పుడు 1,49,000 అయితే అంతా, 1,51,000 అయితే సున్నా. రెండు వేల తేడాకు ఏటా ముప్పై అయిదు వేలు పోతుంటే ఏ తండ్రి నిజం చెబుతాడు? మెట్లు పెట్టండి. కింది మెట్టుకు పూర్తి ఫీజు, పై మెట్టుకు ముప్పావు, ఆపైన సగం. నా అనుభవంలో జనం పూర్తిగా పోతుందంటేనే పెద్ద అబద్ధం ఆడతారు, కొంచెం తగ్గుతుందంటే "సరే, రాయి" అంటారు.

నిజం తేల్చే పద్ధతి గురించి నా దగ్గర పెద్ద మందు లేదు. ఊళ్లో విచారణ చేసే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను 2020లో మీరే చట్టం చేసి తీసేశారు. గ్రామ పాలనాధికారులు వచ్చింది 2025లో. ఆ మధ్య అయిదేళ్లు వందల దరఖాస్తుల మీద విచారణ ఎట్లా జరిగిందో మీ ఊహకే వదిలేస్తున్నాను. 2024 నవంబర్లో ఇంటింటి కుల సర్వేలో ఉద్యోగం, భూమి, ఆదాయం అన్నీ రాసుకుపోయారు, దాన్నైనా వాడుకోవచ్చేమో. కానీ ఆ సర్వేలో తిరిగిన మా ఊరి టీచర్ నవ్వుతూ చెప్పాడు, అక్కడా జనం ఎదురు అడిగింది "ఎంత రాస్తే మంచిగుంటది సార్" అనేనట.

రెండోది, 35 వేలు అనే అంకెను చట్టంలో రాయొద్దు. ఏ అంకె రాసినా పదేళ్లకు అది పాచిపోతుంది. ఫీజుల కమిటీ ఖరారు చేసిన ఫీజులో ఇంత శాతం అని రాయండి. పూర్తిగా ఇచ్చే స్తోమత లేకపోతే ఎనభై శాతమని రాయండి, ఇబ్బందైనా పిల్లవాడికి ముందే తెలుస్తుంది. కాలేజీలో ఫీజు పెరిగినప్పుడల్లా ఖజానా మీద కూడా భారం పడితే, ఫీజు పెంచే ముందు ప్రభుత్వమే గట్టిగా ప్రశ్నిస్తుంది. ఇప్పుడు పెరిగేది విద్యార్థి వాటా కాబట్టి ఎవరికీ నొప్పి లేదు.

మూడోది, తేదీ. ఏ నెలలోగా చెల్లించాలో చట్టంలో ఉండాలి, దాటితే వడ్డీ ప్రభుత్వమే కట్టాలి. ప్రభుత్వ బాకీకి విద్యార్థి సర్టిఫికెట్ ఆపడం నేరమని రాయాలి. ఏ మార్పు చేసినా కొత్తగా చేరేవాళ్లకే వర్తించాలి, మధ్యలో ఉన్న బ్యాచ్ మీద పడకూడదు.

ఆర్థిక శాఖ ఏమంటుందో నాకు తెలుసు. ఉన్న బాకీలే తీర్చలేకపోతుంటే గీత పెంచి ఇంకా నెత్తిన పెట్టుకోమంటావా అంటుంది. సబబైన ప్రశ్నే. కానీ నా కౌంటర్ నుంచి చూస్తే, కొత్తగా గీత లోపలికి వచ్చేవాళ్లు మీరు భయపడుతున్నంత మంది ఉండరు. ఎందుకంటే చాలామంది అబద్ధం చెప్పి ఇప్పటికే లోపల ఉన్నారు. కొత్తగా వచ్చేది అంగన్‌వాడీ టీచర్లు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు, పెట్రోలు బంకుల్లో, షోరూముల్లో బ్యాంకు ద్వారా జీతం తీసుకునేవాళ్లు. మెట్ల పద్ధతి పెడితే పైవాళ్లు కొందరు సగానికి దిగుతారు కూడా. అయినా భారం పెరుగుతుంది, పెరగదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఎంత పెరుగుతుందో లెక్క తీసి సభ ముందు పెట్టండి, ఇవ్వలేం అనుకుంటే ఇవ్వలేమని ఓటేసి చెప్పండి. ఇస్తామని జీవో ఇచ్చి టోకెన్ దగ్గర ఆపేయడం కంటే అది మేలు.

ప్రతిపక్షంలో ఉన్న సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లుకు గవర్నర్ సిఫార్సు కావాలి, ప్రభుత్వం కదలనిదే మా చేతుల్లో ఏముంది అంటారు. నిజమే. కానీ మీరు అధికారంలో ఉన్నప్పుడూ 35 వేలు 35 వేలే. ఇప్పుడున్నవాళ్లను అడిగేటప్పుడు ఆ సంగతి కూడా ఒప్పుకుని అడిగితే మాకు కొంచెం నమ్మకం కుదురుతుంది.

బిల్లు ముసాయిదా తయారైతే దాన్ని తెలుగులో ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం ఒక నెల గడువు ఇవ్వండి. మా మండలంలో ఎవరు అభ్యంతరం చెప్పుకోవాలన్నా నా కౌంటర్‌కు రమ్మంటాను, వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పంపుతాను. సర్వీస్ చార్జి తీసుకోను. ఎంత రాయాలని వాళ్లు నన్ను అడిగితే, ఈసారి మాత్రం ఉన్నదంతా రాయమంటాను.

ఇట్లు,
ఒక మండల కేంద్రంలోని మీసేవ నిర్వాహకుడు